దొరసాని ఆగిన పేజీ

జరేచ్యే ఊళ్ళో ఎవర్నడిగినా చెబుతారు... అర్ధరాత్రి దాటాక సరస్సు గట్టున ఉన్న పాత బాన్యా దరిదాపులకు పోవద్దని. బాన్యా అంటే ఆవిరిస్నానం చేసే కొట్టం. అసలు ఏ బాన్యా అయినా ఆ వేళ మనుషులది కాదు. మూడు విడతల ఆవిరి మనది, నాలుగో విడత కంటికి కనబడనివాళ్ళది. అందుకే ఆఖరున స్నానం చేసినవాళ్ళు తొట్టిలో కాసిని నీళ్ళూ, ఓ సబ్బుముక్కా వదిలేసి మరీ వస్తారు. అందులోనూ సరస్సు గట్టుది మామూలు బాన్యా కాదు. దొరసాని బాన్యా.

జారు చక్రవర్తుల కాలంలో ఆ ఊరి దొరకి నవలలంటే గిట్టేది కాదట. దొరసానికేమో అవి లేకపోతే ముద్ద దిగేది కాదు. అందుకని దొంగచాటుగా బాన్యాలో కూర్చుని చదువుకునేది. ఓ పెద్ద నవల పత్రికలో నెలనెలా వస్తోంది — ప్రేమలూ, పెద్దింటి గొడవలూ, నాట్యవిందులూ, మధ్యమధ్య గొప్పింటివాళ్ళ ఫ్రెంచి మాటలూ. రెండేళ్ళు చదివింది. ఇంక ఆఖరి భాగం ఒక్కటే మిగిలిందనగా... ఓ చలిరాత్రి బొగ్గుపొగ కమ్మి అక్కడే బల్లమీద ఒరిగిపోయింది. ఆఖరి భాగం టపాలో వచ్చింది. సరిగ్గా ఆవిణ్ణి పూడ్చిన రోజున!

విప్లవంలో దొర మేడ తగలబడింది. బాన్యా మిగిలింది. వేసవి రాత్రుళ్ళు అందులోంచి ఆడగొంతు వినబడుతుందట. అదీ ఫ్రెంచిలో.

గ్లఫీరాకి ఇలాంటి మాటలంటే ఒళ్ళుమంట. సమష్టి క్షేత్రంలో పాడి ఆవుల బాధ్యతంతా ఆవిడదే. ఇంటి గోడ నిండా ప్రశంసాపత్రాలు. "దయ్యాలేంటి, మీ మొహాలు! నా ఆవులకున్న బుర్రయినా లేదు మీకు," అనేది.

అలాంటి మనిషికి ఆ జూన్ నెలలో కంటిమీద కునుకు కరువైంది. కారణం మొగుడు నికీఫర్. ట్రాక్టరు తోలతాడు. తలుపులో పట్టనంత మనిషి, నోట్లో నాలుక లేనివాడు. మార్చిలో మహిళా దినోత్సవం విందులో పశువుల డాక్టరు వెనియమిన్ దొరసాని చదివిన ఆ నవల సంగతే, అందులో ఆఫీసరు ప్రేమ సంగతే ఎత్తాడు. ఒకప్పుడు గ్లఫీరాని చేసుకుంటానని తిరిగినవాడే ఈ డాక్టరు. ఆవిడ తల ఎగరేసి, "నేను రెండుసార్లు చదివాను," అంది. అక్కడ చదవలేదని ఒప్పుకున్నవాడు ఒక్కడూ లేడు. నికీఫర్ మాత్రం అమాయకంగా, "ఇంతకీ ఆ ఆఫీసరుకి పై హోదా వచ్చిందా?" అనడిగాడు. బల్ల చుట్టూ ఒకటే నవ్వులు.

"నాలుగో క్లాసుతో బడి మానేసిన మొద్దుకి నవలలెందుకులే," అంది గ్లఫీరా, అందరికంటే గట్టిగా నవ్వుతూ.

అప్పట్నుంచీ అతను మారిపోయాడు. రాత్రి ఆవిడ పడుకోగానే బయటికి జారుకుంటాడు, తెల్లవారుజామున కళ్ళు ఎర్రగా చేసుకుని వస్తాడు. క్యాబేజీ సూప్ తింటూ తింటూ చెంచా ఆపేసి నిట్టూరుస్తాడు. ఓనాడైతే ముద్దుపేరు పెట్టి, "గ్లాషా... నీ మనసు నేనెప్పుడైనా కష్టపెట్టానా?" అనడిగాడు.

ఇరవై ఏళ్ళ కాపురంలో అడగని మాట! ఉండబట్టలేక, వీడికి ఎవరో తగులుకున్నారని పక్కింట్లో చెప్పుకుంది.

"ఇంకెవరూ? ఆ దొరసానే," గుసగుసలాడింది పక్కింటి స్తెపనీద అవ్వ. "మీ ఆయన గట్టువైపు పోతుంటే నా కళ్ళారా చూశానే, పిల్లా. పట్టిందంటే వదలదు. పీల్చి పిప్పి చేస్తుంది."

"దొరసానీ లేదు, దాని తలకాయా లేదు," అంది గ్లఫీరా. కానీ ఆ రాత్రే... పొయ్యిలోంచి కుండలు దించే పంగలకర్ర చేతపట్టుకుని మొగుడి వెనకే బయల్దేరింది.

రాత్రి అన్నమాటే గానీ చీకటి లేదు. జూన్ రాత్రుళ్ళు ఆ ఉత్తరాదిన అంతే, సూర్యుడు పూర్తిగా కుంగక పాలు ఒలికినట్టు తెల్లగా ఉంటాయి. చెట్టుకి నీడ లేదు, మనిషికి నీడ లేదు. చీకటైతే కాస్త ధైర్యంగా ఉండేదేమో అనిపించింది ఆవిడకి.

బాన్యా గోడకి చెవి ఆనించింది.

లోపల మగగొంతు — కూడబలుక్కుంటూ, ఆగుతూ. నికీఫరే. తర్వాత నిశ్శబ్దం. ఆ తర్వాత...

ఆడగొంతు! సన్నగా, తీయగా. మాటలు అర్థం కాలేదు గానీ రేడియో పాటల్లో విన్న భాషే. ఫ్రెంచి!

గ్లఫీరా ఒళ్ళు చల్లబడింది. అంతలోనే భగ్గుమంది. దయ్యమైనా సరే, పట్నంలో చదివొచ్చి ఊరి లైబ్రరీలో పనిచేసే పిల్లయినా సరే... తన మొగుడు తనకి కావాలి. ఇన్నేళ్ళూ మొద్దని తిట్టింది గానీ, వాడు లేని ఇల్లు తల్చుకోలేకపోయింది. ఎవరూ లేరు కదా అని చూసుకుని గబగబా శిలువ గుర్తు వేసుకుంది. ఒక్క తన్నుతో తలుపు తీసింది.

"ఏదిరా అది?"

ఒక్కటే గది. చిన్న కిటికీ దగ్గర బల్లమీద నికీఫర్ ఒక్కడే ఉన్నాడు. ఒళ్ళో లావాటి పుస్తకం. చేతిలో తువ్వాలు. చెంపల మీద కన్నీళ్ళు.

"గ్లాషా..." అన్నాడు, తప్పు చేసిన పిల్లాడిలా. "ఇంట్లో చదివితే నవ్వుతావని... ఇక్కడికైతే ఎవరూ రారు కదా. పూర్తయ్యాక చెబుదామనుకున్నా. డాక్టరుతో మాట్లాడినట్టే నాతోనూ మాట్లాడతావేమోనని."

పంగలకర్ర చేతిలో బరువెక్కింది. ఆ సన్నగొంతు కూడా వీడే పెట్టి చదివాడన్నమాట! ఆవిడకి నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. వచ్చి పక్కన కూర్చుంది.

"చివర ఏమవుతుందిరా ఆ నవల్లో ఆవిడకి?"

"అదేంటి? రెండుసార్లు చదివానన్నావుగా?"

"చదివాను," అంది గ్లఫీరా కిటికీలోకి చూస్తూ. "మొదటి నలభై పేజీలు. రెండుసార్లు."

నికీఫర్ తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత బల్ల కదిలేలా నవ్వాడు. ఇరవై ఏళ్ళలో అతనికి దొరికిన మొదటి గెలుపు అది, పాపం. ఆవిడ మోచేత్తో పొడిచింది.

"చాల్లే సంబడం! ఎంతదాకా వచ్చావు?"

"ఆఖరి భాగం. ఇప్పుడే మొదలెట్టా."

"చదువు మరి. ఆ ఫ్రెంచి మాటలు కూడా ఇందాకట్లాగే చదవాలి. సన్నగొంతు భలే పెట్టావు."

"ఏ ఫ్రెంచి?" అన్నాడతను. "అవి మన అక్షరాలు కావుగా, నాకు ఒక్కటీ రాదు. అవొచ్చినచోట కాసేపు ఊరుకుని, కింది వాక్యానికి పోతున్నా. అప్పుడు చెవుల్లో ఏదో సన్నగా మోగుతుంది, నిద్రలేక అనుకున్నా."

గ్లఫీరా చూపు గదంతా వెతికింది.

నికీఫర్ పేజీ తిప్పి చదవసాగాడు. నాలుగు వాక్యాలు... అయిదు... అక్కడ వేరే అక్షరాలు వచ్చాయి. అలవాటు ప్రకారం ఆగాడు.

పొయ్యి వెనక నుంచి ఆడగొంతు ఆ ముక్క అందుకుంది. తప్పు లేకుండా చదివింది. చదివి ఆగింది... వాళ్ళకోసం ఎదురుచూస్తున్నట్టు.

పంగలకర్ర నేలమీద పడింది. నికీఫర్ సగం లేచాడు. గ్లఫీరా వాడి చేతిని గోళ్ళు దిగేలా పట్టుకుని మళ్ళీ కూర్చోబెట్టింది.

"చదువు, నికీషా," అంది గుసగుసగా. "ఆపకు... పాపం, ఆవిడా చివర చూడలేదు."

తెల్లవారింది. ఎనిమిదైనా పాలు పితికే దిక్కులేక ఆవులు ఊరు అదిరేలా అరుస్తున్నాయి. గ్లఫీరాని వెతుక్కుంటూ స్తెపనీద అవ్వ గట్టుదాకా వచ్చింది. పట్టపగలే కదా అని ధైర్యం చేసి బాన్యా తలుపు దగ్గర చెవి పెట్టింది.

లోపల పుస్తకం మూసిన చప్పుడు. ఆ వెంటనే ఏడుపు. అవ్వ వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. మళ్ళీ లెక్కపెట్టుకుంది.

ఏడుస్తున్నది ఇద్దరు కాదు... ముగ్గురు.