అడ్డం రాయి

మన్ననూరు గేటు దగ్గర లారీ ఆగేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. శ్రావణమాసం. వాన పడీ పడనట్టు పడుతోంది. డ్రైవర్ ఏసోబు రేడియేటర్‌లో నీళ్లు పోస్తున్నాడు. మేస్త్రీ గాలయ్య సాసర్‌లో చాయ్ పోసుకొని ఊదుకుంటూ తాగుతున్నాడు. బిక్షమ్మ చాయ్ ముట్టలేదు. కొంగు చివర కట్టుకున్న మొలతాడును వేళ్లతో తడుముతూ నిలబడింది.

అది ఆమె పెనిమిటి నర్సింహ మొలతాడు. దానికి పదిహేడు ముళ్లున్నాయి.

మూడేళ్ల కింద, అరవై ఒకటిలో, కోస్గి నుంచి గాలయ్య తీసుకొచ్చిన గుంపులో ఆలుమగలిద్దరూ ఈ ఘాట్ రోడ్డు పనికి వచ్చారు. కొండకు మందు పెట్టి పేల్చిన రోజు బిక్షమ్మ నీళ్లకు పోయింది. కడవతో తిరిగొచ్చేసరికి లోయ దిక్కు పల్లమంతా రాళ్లతో పూడ్చేసి ఉంది. నర్సింహ లేడు.

"ఎవతెనో తీస్కొని కర్నూలు దిక్కు ఉరికిండు," అన్నాడు గాలయ్య.

ఆ సాయంత్రం రాళ్ల సందులో తెగిన మొలతాడు దొరికింది ఆమెకు. బతికున్న మగవాడు మొలతాడు లేకుండా ఊరు దాటుతాడా? అది తెంచేది పీనుగకే కదా. ఆమె అక్కడ రాయి మీద రాయి, మూడు రాళ్లు పేర్చింది. పైది నల్లరాయి, నడుమ తెల్లటి చార. లారీలో కొండ దిగుతూ మలుపుకొక ముడి వేసింది. ఆమెకు అక్షరం రాదు. జ్ఞాపకం మీద నమ్మకం లేదు. ఏడాది తిరగకముందే ఆయన ముఖం మసకబారింది. జాగా కూడా మరిచిపోతే ఇక ఆయన ఎక్కడ ఉన్నట్టు?

"బతికున్నోనికి దినాలెట్ల చేస్తవు?" అన్నారు కులపెద్దలు. చచ్చినట్టు చెప్పే సాక్షి కావాలన్నారు. మూడేళ్లుగా ఆమె ముత్తైదువా కాదు, విధవా కాదు. పెళ్లిళ్లకు పిలవరు, చావులకు పిలవరు. మొగుడు వదిలేసిన ఆడది అని నూతి దగ్గర నవ్వుతారు.

ఇప్పుడు కొండ అవతల వంతెన పనికని గాలయ్య మళ్లీ మనుషులను తోలుకుపోతున్నాడు. గుంపంతా నిన్ననే పోయింది. కావాలనే ఆమె వెనక ఆగి, జొన్న బస్తాల లారీలో మేస్త్రీతో పాటు ఎక్కింది.

గేటు దాటగానే ఎక్కుడు మొదలైంది. ఒక పక్క కొండ గోడ, ఇంకో పక్క ఏమీ లేదు. టేకు చెట్ల తలలు కాళ్ల కిందికి పోయాయి. మబ్బు లోయలోంచి లేచి రోడ్డు మీదికి పాకుతోంది. తడిసిన రాతి వాసన, డీజిల్ వాసన. ఒక్కో మలుపుకు బిక్షమ్మ వేలు ఒక్కో ముడి దాటుతోంది.

"ఏం లెక్కపెడుతున్నవ్?" అన్నాడు మధ్యలో కూర్చున్న గాలయ్య.

"మలుపులు."

"లెక్కపెడితె తగ్గుతయా?"

"మేస్త్రీ, ఒక్క మాట చెప్పు. ఆయన సచ్చిండని ఊర్ల చెప్పు. నాకు ఇంకేం వద్దు."

"ఇంట్ల సుఖముంటె మొగోడు ఎందుకు ఉరుకుతడు? జర నువ్వే ఆలోచించు."

ఏసోబు రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. అతని పిడికిళ్లు మాత్రం స్టీరింగ్ మీద బిగిశాయి. ఆనాడు రాళ్ల లారీ నడిపింది కూడా అతనే.

పదిహేడో మలుపులో రేడియేటర్ మరిగి పొగలు కక్కింది. ఏసోబు బ్రేకు తొక్కిపట్టాడు. ఎక్కుడులో బండి ఆగితే ఒకరు కిందికి దూకి వెనక చక్రానికి అడ్డం రాయి పెట్టాలి. పెట్టి, వెనక చెక్క మీద రెండుసార్లు కొట్టాలి. టక్... టక్. ఆ చప్పుడు వినిపించే దాకా ఏ డ్రైవరూ బ్రేకు మీది కాలు ఎత్తడు. రోడ్డు పని నడిచినన్నాళ్లు ఆ పని నర్సింహది. ఈ రోజు క్లీనరుకు జ్వరం. గాలయ్యే గొణుక్కుంటూ దిగాడు.

టక్. టక్.

బిక్షమ్మ కూడా దిగింది. లోయ అంచున ఉండాల్సిన మూడు రాళ్లలో రెండే ఉన్నాయి. తెల్లచార నల్లరాయి చక్రం కింద ఉంది.

"అది తియ్యి," అంది. "అది ఆయన మీద పెట్టిన రాయి. తియ్యి మేస్త్రీ."

గాలయ్య ఆమెను చూశాడు. మిగిలిన రెండు రాళ్లను చూశాడు. నింపాదిగా నడిచిపోయి, ఒక్కొక్కటే కాలితో లోయలోకి తన్నాడు. అవి కింద తగిలిన చప్పుడు రాలేదు.

"ఇగ అయిపాయె. ఎక్కు."

ఇంజన్ చల్లబడి లారీ కదిలినప్పుడు నల్లరాయి రోడ్డు మీదే ఉండిపోయింది. ఆపమంది. అరిచింది. గాలయ్య ఆపనివ్వలేదు. పళ్లు బిగబట్టి కూర్చుంది బిక్షమ్మ. ఈ మనిషిని ఈ కొండే మింగాలి అనుకుంది. పైకి అనలేదు. అనుకుంది, అంతే.

పద్దెనిమిదో మలుపు తిరుగుతూనే ఇంజన్ ఆగిపోయింది.

మబ్బు అద్దానికి అతుక్కుంది. పట్టపగలే చీకటి. పక్షి లేదు, పురుగు లేదు. ఎక్కడి నుంచో పేల్చిన మందు వాసన... వేడిగా, అప్పుడే పేల్చినట్టు.

ఏసోబు బ్రేకు తొక్కి పట్టుకున్నాడు. "మేస్త్రీ, రాయి..."

టక్. టక్.

ముగ్గురూ కేబిన్‌లోనే ఉన్నారు.

"ఎవడ్రా అది?" గాలయ్య బిక్షమ్మను తోసుకొని దిగాడు. అడుగుల చప్పుడు బస్తాల పక్క నుంచి వెనక్కి పోయింది. ఆగింది.

"అక్కా," ఏసోబు గొంతు గాలిలా వచ్చింది. "అదే చప్పుడు."

"ఏ చప్పుడు?"

"ఆనాడు మందు పేలినప్పుడు పల్లంల పడ్డడు నర్సింహన్న. తెల్వక సగం రాళ్లు పోసిన. కిందికెల్లి కొట్టిండు... రెండుసార్లు. బతికే ఉండె. ఆపిన నేను. పొయ్యి అన్నడు మేస్త్రీ. దవాఖానకు తీస్కపోతె పని ఆగుతదన్నడు. పోసిన, అక్కా."

బిక్షమ్మ చేయి లేచింది, అతని గొంతు దాకా పోయింది.

టక్... టక్...

ఈసారి నిదానంగా. ఏసోబు కాలు అలవాటుగా బ్రేకు మీది నుంచి లేచింది. లారీ జానెడు వెనక్కి జరిగింది. దేనికో ఆని, ఆగింది.

అరుపు లేదు.

దిగి చూశారు. గాలయ్య లేడు. చెప్పు ఒకటి ఉంది, లోయకు దూరంగా, రోడ్డు నడుమ. వెనక చక్రం కింద మూడు రాళ్లు ఉన్నాయి, ఒకదాన్ని ఒకటి ఆనుకొని. పైది నల్లరాయి, నడుమ తెల్లటి చార.

బిక్షమ్మ ఆ రాయిని ఒడిలో పెట్టుకొని కోస్గికి వచ్చింది. ఠాణాలో అడిగినప్పుడు ఏసోబు, మేస్త్రీ దిగి ఎటో పోయిండు అన్నాడు. నర్సింహ మాట ఎత్తనేలేదు. "పిల్లలున్నరక్కా. నౌకరి పోతది. జర ఆగు, చెప్త," అన్నాడు ఆమెతో, బయటికొచ్చాక. మేస్త్రీ కూడా ఉరికిండట అని ఊరు నవ్వుకుంది. దినాలు జరగలేదు. రాయి ఇంట్లో గోడ గూట్లోనే ఉంది.

మొలతాడును గూటి పక్కన మేకుకు వేలాడదీసింది. ఆ రాత్రే లెక్కపెట్టింది. మరచిపోతానేమోనని రోజూ లెక్కపెడుతుంది కదా. పద్దెనిమిది. ఆ చివరి ముడి ఆమె వేసినది కాదు. మెలిక తిరగబడి ఉంది. ఎడమచేతి వాటం మనిషి వేసే ముడి. నర్సింహది ఎడమచేతి వాటమే.

దీపావళి పోయిన వారానికి, పొద్దున పూట ఏసోబు గుమ్మంలో నిలబడ్డాడు. బయట లారీ ఉంది, బస్తాల లోడుతో.

"ఘాట్ మీదికి పోతున్న, అక్కా. ఇన్ని నీళ్లియ్యి."

చెంబు ముంచుతూ ఆమె మేకు దిక్కు చూసింది. పద్దెనిమిదో ముడి పక్కన ఇంకొకటి. వదులుగా ఉంది, ఇంకా బిగించలేదు. మెలిక తిరగబడి ఉంది.

ఆమె చెంబు ఇవ్వకుండా పట్టుకుంది.

"తమ్మీ, పెద్దలు రచ్చకాడ్నే కూసున్నరు. ఇప్పుడే వచ్చి చెప్పు. చెప్పినంకనే పో."

ఏసోబు తల వంచుకున్నాడు. చెంబు తనే అందుకొని గటగటా తాగాడు.

"వచ్చినంక చెప్త, అక్కా."

ఖాళీ చెంబు ఆమె చేతికి తిరిగి వచ్చింది. ఆమె మేకు దిక్కు చూసింది.

ముడి బిగిసి ఉంది.