రేడియేటర్‌లో తెల్లనీళ్ళు

ఎండకాలం. పొద్దు గూకడానికి ఇంకా రెండు గంటలు ఉన్నాయనగా కిషన్ రావు దొర మోటారును ఎడ్లు లాక్కొచ్చి కాజీపేట రోడ్డు మీది యాకయ్య షెడ్డు ముందు నిలబెట్టాయి. యుద్ధం రోజులు. పెట్రోలుకు రేషను చీటీలు, బస్సులు నడిచేది బొగ్గుల మీద. అసలు మోటారే వింతైన కాలంలో, దాన్ని ఎడ్లు గుంజుకొస్తుంటే జనం నవ్వకుండా ఉంటారా?

"ఇంత గడ్డేసి చూడకపోయినవా పాషా, అదే నడుస్తుండె" అన్నాడు యాకయ్య చేతులు గుడ్డకు తుడుచుకుంటూ.

డ్రైవర్ ఇమాం పాషా నవ్వలేదు. "నాలుగోసారి మామా. పది దినాలల్ల నాలుగుసార్లు మసిలింది. జర చూడు. పొద్దుగాల దొర హైదరాబాద్ పోవాలె."

యాకయ్య పేరున్న పనివాడు. మొండితనంలో అంతకంటే పేరున్నవాడు. రోగమేమిటో తేలకుండా బోల్టు ఒక్కటి బిగించడు. ఇంజను నీళ్ళను వేళ్ళ నడుమ రుద్ది, వాసన చూసి, నాలుక కొసకు తాకించి సంగతి చెప్పేవాడు. ఎర్రగా ఉంటే తుప్పు. వేలికి జారితే నూనె. ఉప్పగా ఉంటే చవుడు బావి నీళ్ళు.

షెడ్డు వెనకే ఇల్లు. నడుమ ఒక తడిక. కూతురు సుగుణ పురిటికి వచ్చి ఉంది. మనవరాలు పుట్టి ఇరవై రెండు రోజులు. నెల తక్కువ పిల్ల, పిల్లికూనంత ఉంది. గంటగంటకూ పాలు పడితేనే దక్కుతుందని మంత్రసాని చెప్పి పోయింది. సుగుణకు పాలకు కొదవ లేదు, అదే ఆ ఇంటి ధైర్యం.

యాకయ్య తడి గోనెపట్టా వేసి రేడియేటర్ మూత తిప్పాడు. ఆవిరి బుస్సుమని లేచింది. అది చల్లారాక లోపలికి తొంగిచూశాడు. నీళ్ళు తెల్లగా, మజ్జిగలా ఉన్నాయి.

"గింతేనా!" అన్నాడు. "ఇంజన్ నూనె నీళ్ళల్ల కలిసింది. హెడ్డు కింద అడ్డుండే గాస్కెట్ రేకు పోయింది. ఫికర్ చెయ్యకు."

కానీ నూనె కొలిచే పుల్ల తీసి చూస్తే నూనె శుభ్రంగా ఉంది. తక్కువ కాలేదు, చుక్క నీరు కలవలేదు. ఇంజను చల్లారేదాకా ఆగి హెడ్డు విప్పాడు. దీపాలు పెట్టే వేళకు గాస్కెట్ చేతికొచ్చింది. కందీలు వెలుగులో అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. ఎక్కడా కాలలేదు, చిరగలేదు. ఇనుములో వెంట్రుకంత బీట లేదు.

నూనె కాకపోతే ఈ తెలుపు ఎక్కడిది?

రెండు వేళ్ళతో రుద్దాడు. జారలేదు. వేళ్ళకు అంటుకుంది. వాసన చూశాడు. ఇనుము వాసన కింద మరేదో వాసన... తెలిసినదే, ఈ షెడ్డులో ఉండవలసింది కాదు. నాలుక కొసకు తాకించాడు.

తియ్యగా ఉంది.

ఇంజను ఎప్పుడో చల్లబడింది. నీళ్ళు మాత్రం ఒంటి వేడిలా వెచ్చగా ఉన్నాయి.

"ఏం పోసినవ్‌రా ఇందుల?"

"నీళ్ళే మామా." పాషా చూపు నేల మీద ఉంది.

యాకయ్య రేడియేటర్ కిందినల్ల విప్పి అంతా పారబోశాడు. తేటనీళ్ళు వచ్చేదాకా రెండుసార్లు కడిగాడు. హెడ్డు మళ్ళీ బిగించి, తన ఇంటి నీళ్ళ గోలెంలోంచి రెండు బిందెలు తెచ్చి పోశాడు. పాషా హ్యాండిల్ తిప్పాడు. ఇంజను అందుకుంది. కొంతసేపు చక్కగా నడిచింది.

తర్వాత మూత టకటకలాడింది. తెల్లటి నురగ పొంగి, కాలుతున్న గొట్టం మీద పడి చుయ్యిమంది. షెడ్డంతా మాడిన పాల వాసన.

తడిక అవతల పసిపిల్ల ఏడుపు మొదలైంది.

"ఎవలయ్యా పాలు పొంగిచ్చింది?" యాకయ్య భార్య కట్టమ్మ అరిచింది. "బాలింత ఉన్న ఇంట్ల పాలు నిప్పుల మీద పోత్తరా? రొమ్మెండిపోతది! గా మాత్రం ఎరుక లేదా?"

"మోటారు పాలిత్తదానే? నీ పని నువ్వు చూసుకో" అని కసిరాడు యాకయ్య. అక్కడ ఆపితే సరిపోయేది. రోగం తేలలేదు కదా! మళ్ళీ పారబోశాడు. మళ్ళీ తేటనీళ్ళు పోశాడు. మళ్ళీ హ్యాండిల్ తిప్పమన్నాడు.

ఈసారి పొంగడానికి ఎంతోసేపు పట్టలేదు.

చుయ్యి... చుయ్యి...

పిల్ల ఏడుపు బొంగురుపోయింది. తడిక అవతలి నుంచి సుగుణ పిలిచింది. "నాయినా... పాలు పడ్తలెవ్వు. ఇందాక రవికె తడిసింది. ఇప్పుడు... చుక్క లేదు నాయినా."

యాకయ్య ఇంజను ఆపాడు.

ఇంజను ఆగింది. పొంగు ఆగలేదు. చప్పుడు లేని ఆ షెడ్డులో, నురగ మూత చుట్టూ ఉబికి వస్తూనే ఉంది... మెల్లగా... ఎవరో ఒత్తి పిండుతున్నట్టు...

"పాషా, చెప్పు" అన్నాడు యాకయ్య గొంతు తగ్గించి. "ఎక్కడివి ఆ నీళ్ళు?"

పాషా చతికిలబడ్డాడు. "పది దినాల కింద ఘన్‌పూర్ తొవ్వల రేడియేటర్ ఎండిపోయింది మామా. తొవ్వ పక్కన ఒక్కటే గుడిసె. ఓ ఆడిమనిషి, చంకల పసిపిల్ల. పిల్ల ఒళ్ళు నిప్పులెక్క కాలుతాంది. ఇంట్ల ఉన్నది ఒక్క కడవ. అండ్ల నీళ్ళన్ని ఆమెనే పోసింది. నా పిల్లను దవాఖానకు తోలుకపో అన్నా అన్నది."

"తోలుకపోయినవా?"

"దొర బండి... పిల్ల జరం అంటుకుంటె దొర ఊకుంటడా? ఇప్పుడే మళ్ళొత్త అన్న. రాలే." పాషా మొహం చేతుల్లో దాచుకున్నాడు. "పిల్ల ఆ దినమే పోయిందట. తాగేటోళ్ళు లేక తల్లికి పాలు గడ్డకట్టి జరమొచ్చిందట. మూడొద్దులకు ఆమె గూడ..."

పిల్ల పోయిన తల్లి పాలు పిండితే ఎక్కడ పోయాలో ప్రతి ఇంట్లో తెలుసు. నిప్పుకు తగలకుండా, కాలు తొక్కని చోట, చెట్టు మొదట్లో పోయాలి. తను ఇంతసేపూ మనుషులు నడిచే నేల మీద పారబోశాడు. రెండుసార్లు నిప్పుల పాలు చేశాడు.

కిందినల్ల కింద బిందె పెట్టాడు. ఒక్క చుక్క నేలరాలకుండా పట్టాడు. ఒకటి నిండింది. రెండోది నిండింది. పోసింది రెండే. మూడోది కూడా నిండింది...

పెరట్లో కానుగ చెట్టు మొదట్లో మోకరిల్లి పోశాడు. "అమ్మా, తప్పు మాదే. నీ పాలు నీకు ముట్టజెప్తాన. మా పిల్ల పాలు మాకు ఇడిచిపెట్టు." ఎండకు నోరు తెరిచిన నేల గుటకలు వేసినట్టు తాగింది. మూడో బిందె ఖాళీ అయ్యేసరికి...

పిల్ల ఏడుపు టక్కున ఆగింది.

యాకయ్య పరుగున ఇంటి ముందుకు వచ్చాడు. కట్టమ్మ గడప బయట సుగుణను నిలబెట్టి ఉప్పుతో దిష్టి తీస్తోంది. సుగుణ ఏడుస్తూ నవ్వుతోంది. రవికె తడిసిపోయింది.

"నాయినా, వచ్చినయ్! పాలొచ్చినయ్!"

"మరి పిల్లేది?"

"లోపట్నే. చాప మీద పండుకోబెట్టిన."

ముగ్గురూ లోపలికి నడిచారు. పిల్ల కళ్ళు తెరిచి హాయిగా పడుకుని ఉంది. సుగుణ ఆత్రంగా ఎత్తుకుని రొమ్ము అందించింది. పిల్ల మొహం తిప్పుకుంది. మళ్ళీ అందించింది. మళ్ళీ తిప్పుకుంది. పొట్ట గుండ్రంగా, బిగువుగా ఉంది. పెదవి మూల నుంచి తెల్లటి చార చెంప మీదికి జారింది.

"ఇచ్చినవా బిడ్డా ఇంతకుముందు?" అంది కట్టమ్మ గుసగుసగా.

"ఇంక ఇయ్యలేదే అవ్వా..."

యాకయ్య వంగాడు. పిల్ల పడుకున్న చోటు పక్కనే చాప మీద, ఒత్తిగిలి పడుకున్న మనిషంత మేర, ఈతాకు అల్లిక అణిగి ఉంది. చెయ్యి పెట్టి చూశాడు.

వెచ్చగా ఉంది.