ఒక్క ఊపిరి ఆలస్యం

2079 నాటికి శ్రీకాకుళం తీరంలో సముద్రపు సరిహద్దును మనుషులు కాయడం మానేశారు. వేటకు వెళ్లిన పడవ గీత దగ్గరికి చేరితే, నీళ్లలోంచి లేచి నిలబడ్డ ఇనుప స్తంభం ఒకటి తల తిప్పి చూసేది. పడవ మనదైతే మళ్లీ తల తిప్పేసుకునేది. జనం దానికి అలవాటుపడిపోయారు. కొత్తగా పెళ్లయినవాళ్లు దాని ముందు పడవ ఆపి ఫొటోలు కూడా దిగేవారు.

శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు స్వయంనిర్ణయ రక్షణ వ్యవస్థ. వాడుకలో కడలికాపు. దానికి ఒక కన్ను, ఒక తుపాకీ, రెంటికీ మధ్య న్యూరల్ కోర్ అనే యంత్రమెదడు. ఆ మెదడులో ఎవరూ నియమాలు రాసిపెట్టలేదు. నలభై ఏళ్ల కిందట ఆ తీరం కాసిన వందలాది జవాన్లకు నేర్పుకళ్లద్దాలు తొడిగారు. చూపు ఎటు తిరిగిందీ, వేలు ఎప్పుడు కదిలిందీ ఆ అద్దాలు పట్టుకున్నాయి. ఆ చూపుల్నీ వేళ్లనీ కలిపి కడలికాపుకు చదువు చెప్పారు. గీతకు అవతల పొరుగుదేశం కూడా అలాంటి స్తంభాలే పాతుకుంది.

మాఘమాసంలో మంచు కమ్మిన ఒక ఉదయం పొరుగుదేశపు పడవ గీత దాటి వచ్చింది. ఆగమని మూడు భాషల్లో చెప్పినా ఆగలేదు. చట్టం ప్రకారం కాల్చాలి. కడలికాపు తుపాకీ ఎత్తింది. ఎత్తి, మనిషి ఊపిరి ఒకటి తీసి వదిలేంతసేపు ఆగింది. తర్వాత దించేసింది.

ఇంజను చెడి, రేడియో తడిసి కొట్టుకొచ్చిన చేపలవాళ్లు వాళ్లు. నేవీవాళ్లు పడవను తాడేసి లాక్కొచ్చి, గంజి పోసి వెనక్కి పంపారు. పొరుగుదేశం కృతజ్ఞతలు చెప్పింది. ఆ కృతజ్ఞతలతోనే ఢిల్లీలో కంగారు మొదలైంది. మన తుపాకీ తటపటాయిస్తుందని అవతలివాళ్లకు తెలిసిపోయింది కదా.

యంత్రమెదడును కట్టిన సూరాడ నీలవేణి మీద దేశభద్రతా చట్టం కింద కేసు పెట్టారు. కావాలనే ఆ ఆలస్యాన్ని లోపల దాచిందని అభియోగం. రుజువైతే జైలు. విచారణ తీరంలోని పరిశోధన కేంద్రంలోనే.

ముందురోజు తోటి ఇంజనీరు ఎల్లాజీ ఆమె బల్ల దగ్గరికొచ్చాడు. వరసకు మావ అవుతాడు.

"ఇంకా దొరకనేదేటే?"

"నేదు మావా. బియ్యంలో మెరికలేరినట్టు ఏరీసినాను. మన్రాసిన కోడులో అదెక్కడా నేదు."

"పోనీ, ఆగకుండా బిగించీ."

"బిగించి కంప్యూటర్లో నమూనా నడిపినాను. తేల్తన్న పీపాని కాల్చింది. మన నేవీ పడవని కాల్చింది. ఆకరికి సొరచేపని కూడా వదల్నేదు."

"సొరచేప గీత దాటీసిందేమో మరి."

నీలవేణి నవ్వలేదు. ఎల్లాజీ ఆమెకు టీ తెచ్చి పెట్టి వెళ్లాడు.

మర్నాడు విచారణ జరిపి తీర్పు చెప్పడానికి కూర్చున్నది విశ్రాంత నేవీ కమడోర్ దంతులూరి వెంకటపతిరాజు. కుర్రతనంలో ఆ తీరంలోనే కాపలా కాసి, ఆయుధాలు మోసుకొస్తున్న పడవను ముంచి పతకం అందుకున్నాడు.

"మీది వేటకెళ్లే కుటుంబమేనటగా?" అన్నాడు.

"అవునండి. మా అన్న ఇప్పటికీ ఎల్తాడు."

"పడవ కనబడితే మీకు జాలి."

"జాలి నాకుందండి. దాన్ని ఇనుంలో పెట్టడం నాకు రాదు."

కమడోర్ ముఖం మారలేదు. "నేను ఆగలేదమ్మా ఎప్పుడూ. గీత దాటిన పడవ మీద వేలు పెట్టాక తటపటాయించడమన్నది నాకు తెలీదు. కాపలావాడు ఆగాడంటే దేశం తలుపు తీసినట్టే."

కమడోర్ బల్ల మీదున్న కడలికాపు మైకు కేసి చూశాడు.

"సరే. కాపలాలో తప్పు జరిగితే మా దగ్గర ముందు కాపలావాణ్ణే అడుగుతాం. మాట్లాడుతుందా ఇది?"

ఎల్లాజీ మైకు కలిపాడు.

"ఆ రోజు ఎందుకు ఆగావు?" అని అడిగాడు కమడోర్.

"ఆగలేదండి. చూస్తున్నాను," అంది కడలికాపు.

"పడవ కనిపించాక ఇంకా ఏం చూస్తావు?"

"చేతులండి. కొందరు నీళ్లు తోడుతున్నారు. ఒకరు తాడు పట్టుకున్నారు. తుపాకీ పట్టిన చెయ్యి లేదు."

"చేతులు చూడమని ఈవిడ చెప్పిందా?"

"ఎవరూ చెప్పలేదండి. కాపలావాళ్లను చూసి నేర్చుకున్నాను."

"ఎవరా చూసినవాళ్లు?"

"అందరూ చూశారండి. మీరూ చూశారు."

గదిలో కుర్చీ ఒకటి కిర్రుమంది. కమడోర్ తన నేర్పుకళ్లద్దాలు పట్టుకున్నది తెర మీద వెయ్యమన్నాడు.

తెర మీద మంచు. మంచులోంచి పడవ. ఆయన పతకం కథలోని పడవే. చూపు తుపాకీ గురి మీద ఉంది, వేలు బిగిసింది. అంతలో చూపు గురిని వదిలేసింది. ముందు కూర్చున్నవాడి చేతుల మీదికి వెళ్లింది. పక్కవాడి చేతుల మీదికి. ఆ వెనకవాడివి. అప్పుడు కనిపించాయి తుపాకులు. వేలు కదిలింది.

"ఇవి నా కళ్లేనా?"

"మీయేనండి," అంది నీలవేణి. ఆమె కూడా ఇప్పుడే చూస్తోంది.

"నాకు గుర్తు లేదు. వెంటనే కాల్చాననే చెప్పాను అందరికీ. అలాగే అనుకున్నాను." తెర కేసి తిరిగి, "మిగతావాళ్లవి వెయ్యండి," అన్నాడు.

వేశారు. వేర్వేరు జవాన్లు, వేర్వేరు ఏళ్లు. ప్రతి చూపూ ఒకసారి గురి వదిలి చేతుల కేసి పోయింది.

"మన్రాసింది ఎతికీసినాం గానీ," అన్నాడు ఎల్లాజీ మెల్లగా, "దీన్నడగనేదు గదేటే."

కమడోర్ తన చేత్తోనే తీర్పు రాశాడు. నిందితురాలు యంత్రంలో ఏమీ దాచలేదు, అందులో ఉన్నది కాపలావాళ్ల చూపే, ఆ చూపు వల్ల ఆయుధాల పడవ తప్పించుకోలేదు, చేపల పడవ మునగలేదు, కనుక కేసు కొట్టేస్తున్నాను. సంతకం పెట్టి కాగితం ఆమె వైపు తోశాడు. నీలవేణి దాన్ని రెండుసార్లు చదివింది.

"గీత అవతలివాళ్ల స్తంభాలు ఎవరి దగ్గర నేర్చుకున్నాయమ్మా?" అన్నాడు కమడోర్.

"ఆళ్ల జవాన్ల దగ్గరేనండి."

"అంటే వాటిలోనూ ఈ చూపు ఉంటుంది."

"ఉండాలండి. ఎవరైనా చూసి తీసీకపోతే."

"మనం తీసెయ్యాలనుకోలేదూ? వాళ్లూ అనుకుంటారు." కమడోర్ లేచి కోటు సర్దుకున్నాడు. "సరిహద్దు కాపలా మీద ఒప్పందం మాట్లాడడానికి వాళ్ల మనుషులు వచ్చే వారం విశాఖ వస్తున్నారు. మీరు నాతో రావాలి."

"నేనేటి చెప్పాలండి ఆళ్లకి?"

"మా యంత్రానికి జబ్బు చేసిందనుకున్నాం, మీదానికీ ఉందేమో చూసుకోండి అనండి." తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఉంటే మాత్రం మందు వెయ్యొద్దని చెప్పండి."