పట్టాల అవతలి వంటామె

"నాలుగిళ్లూ ఒక్కపూటలో మానెయ్యమన్నాయండీ," అంటూ వంటామె డిటెక్టివ్ ఎదుట కుర్చీ అంచున కూర్చుంది. గుట్టమీది కాలనీలో ఒక మేడమ్ ఇంట్లో కెమెరా పోయింది. చనిపోయిన భర్తది, ఇటుకంత పెద్దది. మేడమ్ ఆగిందీ లేదు, అడిగిందీ లేదు. "రైలు పట్టాల అవతలి వంటామె దొంగ, ఎవరూ పనిలో పెట్టుకోకండి" అని కాలనీ ఫోన్ గ్రూపులో రాసిపారేసింది.

డిటెక్టివ్ కళ్లజోడు తీసి మొహం రుద్దుకున్నాడు. ఇలాంటివి విని విని ఆయనకి విసుగొచ్చేసింది. అయినా లేచాడు. పదిహేనేళ్లుగా ఆయన దగ్గర పనిచేస్తున్న టైపిస్టమ్మ అప్పటికే సంచి భుజాన వేసుకుంది. ఆయన బుర్రమీద ఆమెకి అంత గురి.

కాలనీ గేటు దగ్గర వాచ్‌మన్ డిటెక్టివ్‌కి సలాం కొట్టాడు. టైపిస్టమ్మని మాత్రం ఎక్కడుంటారని అడిగాడు. పట్టాల అవతల అనగానే ఆమె సంచి బోర్లించాడు.

"ఏమనుకోకండమ్మా, రూలు. అటువాళ్లవి రానూపోనూ వెతికి పుస్తకంలో రాయాలి."

"మరి ఇటువాళ్లవి?"

"భలేవారే! వాళ్లవెందుకు చూస్తాం?"

టైపిస్టమ్మకి ఒళ్లు మండిపోయింది. డిటెక్టివ్ మాత్రం ఆ పుస్తకం నింపాదిగా చదివి, ఆమెని బజారులో పాత కెమెరాలు కొనే దుకాణానికి పంపాడు.

సాయంత్రం అందరినీ మేడమ్ హాల్లో కూర్చోబెట్టాడు.

"ఆ రోజు పొద్దున మీరే కెమెరా తుడిచి పెట్టారు, సాయంత్రానికి లేదు. మధ్యలో ఎవరొచ్చారు?"

"వంటామె, పంపు బాగుచేసే అతనూ. ఇద్దరూ అవతలివాళ్లే," అంది మేడమ్. "ఇదిగో, మా తమ్ముడు భోజనానికొచ్చాడనుకోండి. వాడు ఇంటి మనిషి."

"వెళ్లేటప్పుడు వంటామె సంచిలో టిఫిన్ డబ్బా, గొడుగు. పంపు అతని పెట్టెలో పానాలు. అంతా పుస్తకంలో ఉంది. కెమెరా ఒంటిమీద దాచుకునే వస్తువూ కాదు. నమ్మకంలేక మీరు పెట్టిన కాపలాయే వాళ్లు తియ్యలేదంటోంది. వెతక్కుండా వదిలింది మీ తమ్ముడి కారునే."

"మాటలు జాగ్రత్త!" తమ్ముడు గయ్యిమన్నాడు.

టైపిస్టమ్మ ఒక కాగితం బల్లమీద పెట్టింది. "కెమెరా ఆ దుకాణంలోనే ఉంది. ఇది అమ్మినాయన ఇచ్చిన ఫోన్ నంబరండీ. బిల్లు అడగలేదా అంటే, కారులో వచ్చినాయన్ని ఎలా అడుగుతామమ్మా అన్నాడు దుకాణాయన."

నంబరు చూడగానే మేడమ్ మొహం పాలిపోయింది. తమ్ముడు తల దించుకున్నాడు.

"ఈ మాట గడప దాటకూడదు," అంది మేడమ్. వంటామె వైపు తిరిగి, "రేపట్నుంచి వచ్చెయ్" అంది.

"మిగతా మూడిళ్లకీ ఏం చెప్పుకోనమ్మా?"

మేడమ్ నిట్టూర్చి ఫోన్ తీసింది. "కెమెరా దొరికింది" అని రాసి చూపించింది.

"అలా రాస్తే, భయపడి నేనే తెచ్చిచ్చాననుకుంటారు. నేను తియ్యలేదని రాయండమ్మా."

మేడమ్ తమ్ముడికేసి చూసింది. వేలు కదల్లేదు. టైపిస్టమ్మకి ఏడుపొచ్చినంత పనైంది. వెళ్లడానికి లేచిన డిటెక్టివ్ మళ్లీ కుర్చీలో కూలబడ్డాడు.

"రాయండి మేడమ్," అన్నాడు అలసటగా. "మేం కూర్చుంటాం."