మూగ మీటలు

మొమార్త్ గుట్ట కింద మా వీధిలో పదకొండో నంబరు ఇంటి మూడో అంతస్తు పేరెత్తితే ఎవరికీ గిట్టదు. అద్దె సగానికి తగ్గించినా ఎవరూ దిగలేదు. రాత్రి పదిన్నర దాటితే ఆ తలుపు వెనక టక్... టక్‌టక్... అని చప్పుడు. పాట కాదు, అడుగులూ కావు. ఎండిన వేళ్ళతో ఎవరో బల్ల మీద కొడుతున్నట్టు ఉండేది.

ఆ ఇంట్లో పియానో నేర్చుకున్న సిడోనీ చెప్పగా విన్నది విన్నట్టు రాస్తున్నాను. ఈ మధ్య నాకు పేర్లు జారిపోతున్నాయి. ఇదీ జారిపోకముందే రాయాలి.

ఆ ఇంట్లో పోయింది ఎవారిస్త్ కొలొంబెల్ మాస్టారు. శుక్రవారం సాయంత్రాలు గొప్పింటి ఆడవాళ్ళ హాళ్ళలో పియానో వాయించేవారు. ఏ ఇంటావిడ పిలిస్తే ఆవిడ పేరున ఒక వాల్ట్జ్ నాట్యపు బాణీ కట్టి అంకితమిచ్చేవారు. అలాంటివి నూట ముప్ఫై దాకా అచ్చయ్యాయి. ఆఖర్న కట్టిన రాత్రిగీతం మాత్రం ఎవరికీ అంకితమివ్వలేదు, కాగితం మీదా పెట్టలేదు. ఒక్కసారి వాయించారు. వారం తిరక్కుండా ఛాతీ జబ్బుతో మంచం పట్టారు.

"నువ్వు విన్నావుగా. రాసిపెట్టు," అన్నారట శిష్యురాలు సిడోనీతో.

ఆమె సరేనంది.

మొదలు రాసింది. నడుమ రాసింది. ముగింపు మాత్రం... రాలేదు. నిద్రలో వినిపించేది, లేచి కాగితం అందుకునేసరికి పోయేది. మాట తీసుకున్న మనిషి పోయాడు, ఇచ్చిన మాట మాత్రం ఆమె మెడ మీద కూర్చుంది.

ఆ ఇంటి వాకిలి చూసుకునే మదాం పెర్నే ఒకరోజు ఆమెకు చప్పుడు సంగతి చెప్పింది. బతికున్నన్నాళ్ళూ ఆ గోలేమిటని పక్కవాళ్ళు తనని నిలదీశారని, పోయాక కూడా ఈ ముసలాయన తనకే తిట్లు తెచ్చిపెడుతున్నాడని విసుక్కుంది. పాలావిడ ఇంకా ఘోరం. పైలోకంలో ఆయనకి పియానో దొరకలేదట, అందుకని తన ఎముకలు తనే వాయించుకుంటున్నాడట.

సిడోనీకి నవ్వు రాలేదు. ఆ చప్పుడేమిటో ఆమెకు తెలుసు.

పది దాటాక పియానో ముట్టకూడదని ఇంటి యజమాని కట్టడి చేస్తే, మాస్టారు ఒక మూగ పెట్టె చేయించుకున్నారు. పియానోకి ఉన్నట్టే మీటలు — లోపల తీగలుండవు. రాత్రంతా దాని మీద సాధన చేసినా చెక్క టక్కుమనడమే తప్ప స్వరం పలకదు.

ఆ రాత్రి ఆమె పైకి వెళ్ళింది. తలుపుకి చెవి ఆనించింది.

టక్... టక్‌టక్... టక్...

ఆ లయ ఆమెకు తెలిసిందే. రాత్రిగీతం. ఇప్పుడే మొదలైంది... ఇలాగే సాగితే ముగింపు దాకా వస్తుంది.

తలుపు తోసింది. గడియ లేదు.

కొవ్వొత్తి వెలుగులో, మూగ పెట్టె దగ్గర, ఒక మనిషి వంగి కూర్చుని ఉన్నాడు. మాస్టారి పక్కన కూర్చుని ఇరవై ఏళ్ళు స్వరాల పుస్తకం పేజీలు తిప్పిన ముసలి బస్తీద్.

సిడోనీకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. వీధి వీధంతా వణికింది ఈయనకా!

"మీరా వాయిస్తున్నది?" అంది.

ఆయన వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు. "నాకెక్కడ వచ్చు, అమ్మాయీ?" గుసగుసగా అన్నాడు. "నేను తిప్పుతాను, అంతే."

అప్పుడు చూసింది. ఆయన కూర్చున్నది పక్కన. ఒక చేతిలో టోపీ. ఇంకో చెయ్యి ఖాళీ కాగితం అంచు మీద. పెట్టె ముందున్న పీట మీద... ఎవరూ లేరు.

మీటలు దిగుతున్నాయి. లేస్తున్నాయి.

ఆమె పారిపోలేదు. భయపడే తీరికేదీ? కాగితం తీసి, దిగిన మీటనల్లా చూస్తూ రాసుకుంది. గీతం నడుమ దాటింది... ఆమెకు తెలిసిన ఆఖరి వరుస కూడా దాటబోతోంది... పెన్సిలు గట్టిగా పట్టుకుంది.

మీటలు ఆగిపోయాయి.

ఒకటి సగం దిగి పైకి లేచింది. దాని పక్కది తడబడింది. చీకట్లో గోడ తడుముకుంటున్నట్టు... ఇంకొకటి... మళ్ళీ ఏమీ లేదు.

"తర్వాత?" అంది సిడోనీ.

బస్తీద్ ఆమె వైపు చూడలేదు. "రోజూ ఇక్కడే ఆగుతారు," అన్నాడు. "ఆయనకీ గుర్తు రావడం లేదు."

ఖాళీ కాగితాలన్నీ మెల్లగా వెనక్కి తిప్పి, మొదటి పేజీ తెరిచి పెట్టాడు.

టక్... టక్‌టక్... టక్...