సగం బరువు

పైడినాయుడికి టీ తాగాలని లేదు. చెయ్యి మాత్రం గ్లాసు ఎత్తింది. పక్కగదిలో గంటయ్య తాగుతున్నాడన్నమాట.

"ఇంక సాలు బావా. నా కడుపు మండిపోతంది," అన్నాడు గోడవైపు తిరిగి.

"ఆ మంట నీది కాదెహె. రేత్రి పకోడీలు తిన్నది నాను," గోడ అవతల నుంచి జవాబొచ్చింది.

జతనాడి అంటే ఇదే. మెడ వెనక చర్మం కింద గోధుమగింజంత పూస. ఒకడు అనుకున్నది నోటిదాకా రాకముందే రెండోవాడి కండకి చేరుతుంది. తాపీపనివాళ్లకీ, ఆపరేషన్లు చేసే డాక్టర్లకీ, లారీ డ్రైవరుకీ క్లీనరుకీ అందరికీ ఇప్పుడు ఈ పూసే. ఎవడూ ఎవడితోనూ మాట్లాడక్కర్లేదు. దాన్నే ప్రగతి అన్నారు.

లంబసింగి కొండమీది మంచుబాటలో, జంట జారుబండి పందెంలో, వీళ్లని ఛాంపియన్లని చేసిందీ అదే. పైన పడుకునేది గంటయ్య. దారి అతనికే కనబడుతుంది. కింద పడుకునేది పైడినాయుడు. అతనికి కనబడేది గంటయ్య వీపే. పైవాడు చూస్తే కిందవాడి పిక్కలు బండిని తిప్పుతాయి. బండి వదిలేముందు ఇద్దరూ లేచి కూర్చునే ఉంటారు. అప్పుడు వెనక కూర్చున్న పైడినాయుడు గంటయ్య వీపు తట్టేవాడు. పూస వచ్చాక ఆ తట్టుతో పని లేదు. అయినా మానలేదు.

కొన్నాళ్లుగా పెద్దమలుపు తలుచుకుంటేనే పైడినాయుడి గుండె గొంతులోకి వచ్చేది. మెట్లెక్కుతుంటే మోకాళ్లు జారిపోయేవి. జట్టులో పిరికినాయుడు అని పేరు పెట్టారు. గంటయ్య కూడా నవ్వేవాడు. చివరికి పైడినాయుడే తప్పుకుంటానని కోచ్ సుభాషిణితో చెప్పాడు.

"పూస ఒకసారి తీస్తే మళ్లీ పెట్టడానికి నరం ఒప్పుకోదు. ఆలోచించుకున్నారా?" అందామె.

"ఆలోచించడానికేటుందమ్మా. దైర్యం లేనోడు కింద పడుకుంటే పైనోడు సస్తాడు."

ఆ మధ్యాహ్నమే పూస తీసేశారు. సాయంత్రం కొత్త జోడీ జోగారావుతో గంటయ్యకి ట్రయల్. అందులో నెగ్గితేనే వచ్చే పోటీల్లో అతనికి చోటు. జోగారావుకి పూస పెట్టారు గానీ నరానికి ఇంకా అతుక్కోలేదు. ఈ ఒక్కసారికీ పాతకాలంలా భుజం సైగలతో జారాలి.

బండి సర్దిపెట్టడానికి పైడినాయుడు మెట్లెక్కాడు. మోకాళ్లు జారలేదు. అంచున నిలబడి పెద్దమలుపు వైపు చూశాడు. గుండె మామూలుగానే కొట్టుకుంటోంది. ఇంకా వంగి చూశాడు. ఏమీ లేదు. ఖాళీ. కడుపులో మంట కూడా లేదు.

మెల్లగా వెనక్కి తిరిగాడు. బండి వదలమనే పచ్చదీపం వెలిగి చాలాసేపైంది. బండి మీద కూర్చున్న గంటయ్య పిడికిళ్లు బాట అంచునున్న పిడులని వదలడం లేదు. అంత మంచులోనూ మొహం చెమటతో తడిసింది. జోగారావు ఏమీ తోచక అతని వెనక కూర్చునున్నాడు.

"ఆ బయం నీదా?" అన్నాడు పైడినాయుడు.

గంటయ్య తలెత్తలేదు. "సగం నువ్వు మోసీవోడివి బావా. ఇప్పుడు మొత్తం నా మీదే పడిపోనాది."

"ఎప్పట్నించి తెలుసు?"

"మొదట్నించీ."

"మరి పిరికినాయుడంటే నవ్వినావు."

"నవ్వకపోతే తెలిసిపోద్ది గదా."

పూస చేసినవాళ్లు కండలు కొలిచారు, నరాలు కొలిచారు. భయం చెయ్యి మారాక అది ఎవడిదో ఎలా తెలుస్తుందని వాళ్లెవరూ అనుకోలేదు. పైడినాయుడికి కోపం రావాలి. వచ్చేంత ఓపిక లేదు.

"ఒక్కసారి తట్టు బావా. వదిలెస్తాను," అన్నాడు గంటయ్య.

పైడినాయుడి చెయ్యి లేచింది. ఇన్నేళ్ల తర్వాత అచ్చంగా తన చెయ్యే. గంటయ్య వీపుదాకా వెళ్లి, పక్కకి తిరిగి, వెనకున్న జోగారావు భుజం మీద వాలింది.

"దిగరా తమ్ముడూ," అన్నాడు. "నీకింకా పూస అతుక్కోలేదు. ఇప్పుడే తీయించేసుకో."