మైకు లేని సభ

“ఈ కుర్చీలెవరివండీ?”

ఆ గొంతుకి నిజానికి కుర్చీలే లేచి నిలబడాల్సింది. అపార్ట్‌మెంటు కింద, పార్కింగులో, వరుసలు తీరిన ప్లాస్టిక్ కుర్చీల మధ్య స్టూలెక్కి మైకు వైరు కడుతున్న కుర్రాడు తిరిగి చూసి నవ్వాడు. నవ్వడానికి అది తగిన వేళ కాదని పాపం అతనికి తెలియదు.

“నావేనండీ. అద్దెకిస్తాను. మీకెన్ని కావాలి?”

“నాకు కుర్చీలొద్దు, చోటు కావాలి. పదింటికి ఇక్కడ నా క్లాసుంది.”

“పదింటికి మా మేనత్త వాళ్ళ ప్రార్థన ఉందండీ.”

“కార్ల మధ్య ప్రార్థనేమిటి?”

“కార్ల మధ్య క్లాసుండగా లేనిది...” అని మొదలుపెట్టి, ఆమె ముఖం చూసి స్టూలు దిగిపోయాడు.

ఆమెకి ఒళ్ళు మండటానికి కారణముంది. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకి మళ్ళీ మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టు ఆమె. అందుకే ఆ భవనంలో అందరూ ‘మాటల టీచరు’ అంటారు. ఆదివారాలు ఆసుపత్రి తరఫున కింది హాల్లో ఆరుగురికి క్లాసు చెప్పేది. ఆ ఆరుగురిలో రిటైరైన బస్సు డ్రైవరు గారొకరు. ఎనిమిది నెలలు కష్టపడి ఆయన సంపాదించుకున్న ఆస్తి మూడే మాటలు: అవును, కాదు, ఇంకొకటి పైకి చెప్పకూడనిది.

ఇప్పుడా హాలుకి రెండు తాళాలున్నాయి. ఒకటి సాక్షాత్తూ ఆమె నాన్నది. కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరైన ఆయన, అందరి హాల్లో దేవుడి పాటలేమిటని గొడవపడి తాళం వేశాడు. రెండోది మూడో అంతస్తు పిన్నిగారిది. ప్రార్థన లేని చోట ఆయన సైన్సు ఉపన్యాసాలూ ఉండనక్కర్లేదని ఆవిడా ఒకటి వేసింది. ఈ కుర్చీలబ్బాయి ఆ పిన్నిగారి మేనల్లుడే.

ఆంబోతుల పోట్లాటలో లేగదూడల కాళ్ళు విరిగినట్టు, మధ్యలో విరిగింది క్లాసు. నెలాఖరుకల్లా ఒక గది చూపించకపోతే ఎత్తేస్తామని ఆసుపత్రి వాళ్ళు చెప్పేశారు.

“మాట పోయినవాళ్ళు ఒక్క మాట కోసం చెమటోడుస్తున్నారు. నిక్షేపంలాంటి నోళ్ళున్నవాళ్ళేమో లిఫ్టులో ఎదురైతే గోడవైపు తిరుగుతున్నారు. సిగ్గుండాలి!”

“నాకాండీ?”

“అందరికీ! మీకు కాస్త ఎక్కువుండాలి. ఇక్కడ నవ్వుతున్నది మీరొక్కరే.”

అతను నవ్వు ఆపాడు. వెంటనే మళ్ళీ నవ్వాడు. ఆ ముఖం తీరే అంత అనుకోవాలి.

“నా కుర్చీల మీద అన్ని మతాలవాళ్ళూ కూర్చున్నారండీ. ఏ మతమూ వద్దన్నవాళ్ళూ కూర్చున్నారు. లేచేటప్పుడు అందరిదీ ఒకటే మాట, ‘అబ్బా, నడుము’ అని. వీళ్ళిద్దరినీ కూడా ఓసారి ఎదురెదురుగా కూర్చోబెడదాం. వచ్చే ఆదివారం. కుర్చీలు ఊరికే వేస్తాను.”

ఆ ఆదివారం అందరూ వచ్చారు. రాకపోతే ఓడిపోయామనుకుంటారని వచ్చారు. అక్కడే కుర్చీలబ్బాయి, అతని వృత్తిలోవాళ్ళు తప్ప మరొకరు చేయని పొరపాటు చేశాడు. పదిమంది చేరినచోట మైకు లేకపోతే అతనికి చెయ్యాడదు. పెట్టాడు.

మనిషి చేతికి మైకిచ్చాక మాట్లాడతాడా? ఉపన్యసిస్తాడు. లెక్చరరు గారు మూఢనమ్మకాల చరిత్ర ఎత్తుకున్నారు. పిన్నిగారు కళ్ళు మూసుకుని పాట ఎత్తుకున్నారు. సౌండు తగ్గిస్తే ఒక పక్షం, పెంచితే ఇంకో పక్షం కుర్రాడి మీద పడ్డాయి. డ్రైవరు గారు తన మూడో మాటను సభకి వినపడేలా ప్రయోగించారు. ఆ రోజు అర్థవంతమైన ప్రసంగం అదొక్కటే.

మాటల టీచరు విసురుగా వెళ్ళి వైరు పట్టుకుంది.

“అమ్మో, అది షాక్ కొడుతుందండీ!”

“నాకంటేనా?” అని పీకేసింది.

జనం సణుగుతూ వెళ్ళిపోయాక అతను కుర్చీలు ఒకదాంట్లో ఒకటి దూరుస్తూ, “నాదే తప్పు,” అన్నాడు.

“మీదే. వచ్చేవారం మైకుండదు. ఉంటే మీరుండరు. నా క్లాసు పద్ధతి పెడదాం. ఒకరు మాట్లాడుతుంటే మధ్యలో అందుకోకూడదు. వాళ్ళ మాట మనం పూర్తిచేయకూడదు. అయ్యాక, వాళ్ళు చెప్పింది మనం తిరిగి చెప్పి ‘ఇదేనా?’ అనడగాలి. వాళ్ళు ఔనంటేనే మన జవాబు.”

“వాళ్ళు చెప్పింది తప్పయితే?”

“ఆ తప్పునే సరిగ్గా చెప్పాలి.”

అతను చేతిలో కుర్చీ పట్టుకుని అలాగే చూస్తూ నిలబడ్డాడు. “ఏమిటా చూపు? పని కానివ్వండి,” అంది. ఇంటికెళ్ళాక కూడా ఆ చూపు మీద కోపం తగ్గకపోవడం ఆమెకే వింతగా తోచింది.

మరుసటి ఆదివారం కుర్చీలు గుండ్రంగా పడ్డాయి. ఒకే పక్షంవాళ్ళు పక్కపక్కన పడకుండా అతనే చూసి కూర్చోబెట్టాడు. ముందు పిన్నిగారు మొదలుపెట్టారు.

“ఆ గంటసేపు మాకు హాలు కావాలి. పదిమందిమి గొంతెత్తి పాడాలి. ఇంట్లో పాడుకుంటే...” అని ఆగారు.

“ఇంట్లో అయితే దేవుడికి వినపడదా?” అని అందుకుంది మాటల టీచరు.

“మీ రూలండీ,” అన్నాడు కుర్చీలబ్బాయి మెల్లగా. ఈసారి నవ్వలేదు.

తన రూలు తనే తుంగలో తొక్కినందుకు ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక, దగ్గర్లో ఉన్నాడు కదాని అతని మీదే తెచ్చుకుంది.

పిన్నిగారు మళ్ళీ అన్నారు. “ఇంట్లో పాడుకుంటే నా గొంతే నాకు తిరిగొస్తుందమ్మా. ఆయన పోయాక ఇంకో గొంతు కలిసేది ఆ గంటలోనే.”

తిరిగి చెప్పాల్సిన వంతు లెక్చరరు గారిది. కళ్ళజోడు తీసి తుడిచారు, మళ్ళీ పెట్టుకోలేదు.

“ఆవిడ చెప్పేదేమిటంటే... దేవుడి సంగతి తర్వాత. ఆ గంటసేపు, ఇల్లు ఖాళీగా ఉందన్నది గుర్తురాదు. ఇదేనా అమ్మా?”

“ఇదే.”

“ఇక నా మాట. మా ఆవిడ పోయిన వారానికి ఒకాయన ఆ హాల్లోనే నా భుజం తట్టి అన్నాడు, ‘మీరూ మాతో ప్రార్థన చేసుంటే బతికేదండీ’ అని. ఆసుపత్రిలో ఏడాది ఆమె పక్కనుంచి కదల్లేదు నేను.”

మాటల టీచరు దిగ్గున లేచింది. అమ్మ పోయి ఇన్నేళ్ళయినా ఈ మాట నాన్న ఇంట్లో అననే లేదు. “ఎవరా పెద్దమనిషి? ఇక్కడున్నాడా?”

“కూర్చో అమ్మా,” అని పిన్నిగారు లెక్చరరు గారివైపు తిరిగారు. “మీరు సరిగ్గా చూసుకోలేదు, మీ చేతులారా పోగొట్టుకున్నారు అన్నట్టయింది ఆ మాట. ఇదేనా?”

“ఇదే.”

పిన్నిగారు తన పక్షంవాళ్ళని ఒక్కొక్కరినీ చూశారు. “అన్నదెవరో నేనడగను. కానీ పాడినవాళ్ళని బతికించి, పాడనివాళ్ళ పెళ్ళాలని తీసుకుపోయే దేవుడెవరైనా ఉంటే, ఆయన గుడికి నేనే తాళం వేస్తాను! తాళంచెవి తీసుకురండి అన్నయ్యగారూ. నాదీ తెస్తాను.”

“అత్తా!” అని కేకపెట్టాడు కుర్చీలబ్బాయి. “ఆయన్ని అన్నయ్య అనకు!”

“ఏం? అంటే ఏమవుతుంది?”

“ఏం లేదు. ఊరికే... వరసలు...”

గుండ్రంగా కూర్చున్నందువల్ల, అందరూ అతని ముఖాన్నీ చూశారు, మాటల టీచరు ముఖాన్నీ చూశారు. లెక్చరరు గారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు. ఆమె “నాకు పనుంది” అని గబగబా మెట్లెక్కేసింది. ఆదివారం, ఏ పనీ లేదు.

హాలు తెరుచుకుంది. పొద్దున క్లాసు, సాయంత్రం ప్రార్థన, మధ్యలో సైన్సు. పాట సౌండు మీద గొడవలింకా ఉన్నాయి. కాకపోతే, పిన్నిగారు, లెక్చరరు గారు ఆ గొడవలేవో లోపల కూర్చునే పడుతున్నారు.

క్లాసు మొదలైన మొదటి ఆదివారమే కుర్చీలబ్బాయి ఆరు కుర్చీలు మోసుకుని గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు.

“హాల్లో బెంచీలున్నాయి కదా. ఇవెందుకు?” అంది.

“అంటే... నేను... మీతో...”

విద్యార్థులు ఆరుగురూ అతన్ని జాలిగా చూశారు. మాట గొంతులో అడ్డంపడటమంటే ఏమిటో వాళ్ళకి తెలిసినంతగా లోకంలో ఎవరికి తెలుసు? రూలు రూలే కాబట్టి ఆమె అందుకోకుండా చేతులు కట్టుకుని నిలబడింది.

“మీతో... ఒక...”

డ్రైవరు గారికి ఓపిక నశించింది. కర్ర నేలకేసి కొట్టారు. దవడ బిగించారు, మెడ నరాలు పొంగాయి.

“పె... పె... పెళ్ళి!”

“డ్రైవరు గారూ!” ఆమె ఒక్క ఉదుటున ఆయన ముందు కూలబడి రెండు చేతులూ పట్టుకుంది. “కొత్త మాట! ఇంకోసారి అనండి!”

“పెళ్ళి,” అన్నారాయన గర్వంగా.

కళ్ళు తుడుచుకుని లేచి, ఆమె గుమ్మంవైపు తిరిగింది. ఆ కోపం చూసి కుర్చీలు అతని చేతుల్లోంచి జారాయి.

“నరాలు దెబ్బతిన్న మనిషి, అంత కష్టపడి చెప్పారు. మీకేం జబ్బండీ?”

“నేను మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నాను,” అన్నాడతను ఒక్క ఊపిరిలో.

“ఇంత చిన్న వాక్యానికి ఇన్ని ఆదివారాలా? కూర్చోండి ఆయన పక్కన. క్లాసయ్యాక నాన్న ముందు చెప్పాలి. అక్కడ నత్తి కొడితే ఊరుకోను.”

ఏడో విద్యార్థి బుద్ధిగా కూర్చుని, నేల చూస్తూ వాక్యం అప్పజెప్పాడు.

“మళ్ళీ,” అంది మాటల టీచరు. “ఈసారి నన్ను చూస్తూ.”